ఫ్యానక్క చెవి

ఫ్యానక్క దగ్గరికి కంప్యూటర్ తీసుకెళ్ళినవాళ్ళు ముందు నోరు మూసుకోవాలి. ఆ వీధిలో అందరికీ తెలిసిన నియమం ఇది. "మేడమ్, ఇది ఆన్ చెయ్యగానే గోల పెడుతోంది, మొన్నటి నుంచీ..." అని ఎవరైనా మొదలుపెడితే ఆమె చెయ్యెత్తి ఆపేసేది. రోగే ఎదురుగా ఉన్నాక రోగి బంధువుల మాట ఎందుకనేది. సీపీయూని బల్ల మీద పెట్టి, వైరు గుచ్చి, మీట నొక్కి, తల ఒక పక్కకి వంచి కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ షాపులో ఎవరూ దగ్గకూడదు. పక్క కొట్టు జిరాక్స్ అతను కూడా తన మెషీన్ ఆపుకుని కూర్చునేవాడు. గౌరవంతో అనుకునేరు, ఆమె తిట్లకి జడిసి.

తర్వాత కళ్ళు తెరిచి తీర్పు చెప్పేది. "దుమ్ము. రెక్కల మీద అట్టకట్టింది." లేకపోతే, "లోపల వైరు జారి రెక్కకి తగులుతోంది." లేకపోతే, "ఫ్యానుని తిట్టకండి, దాని తప్పేం లేదు. స్క్రూ వదులై డబ్బా వణుకుతోంది." అప్పుడు రేకు విప్పేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టే ఉండేది. విప్పి చూసి చెప్పడం ఎవడైనా చేస్తాడు, విప్పకుండా చెప్పడమే విద్య అనేది ఆమె. ఈ కాలం కుర్రాళ్ళు తెర మీద ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టి వేడి ఎంత, వేగం ఎంత అని చూసుకుంటుంటే "థర్మామీటరు వైద్యులు" అని వెక్కిరించేది. తన గురించి తాను తక్కువ చెప్పుకునే అలవాటు ఆమెకి పుట్టుకతోనే లేదు.

అంత గర్వం ఊరికే రాలేదు. ఆమె కోడలిగా వచ్చేనాటికి మామగారికి సీలింగ్ ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉండేది. మధ్యాహ్నం భోజనం క్యారేజీ తీసుకెళ్ళి, ఆయన తినేదాకా ఓ మూల స్టూలు మీద కూర్చునేది. ఒకరోజు, "మావయ్యా, ఆ చివర తిరిగే ఫ్యాను మిగతావాటిలా లేదు. లోపల ఏదో రాసుకుంటోంది" అంది. మామగారు నవ్వారు. తినడం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, కొత్త కోడలి మాట తీసెయ్యడం ఎందుకులే అని విప్పి చూశారు. బేరింగ్ అరిగిపోయి ఉంది. మర్నాటి నుంచి క్యారేజీ మోసే పని అత్తగారికి పడింది, కోడలు కొట్లో కూర్చుంది. అత్తగారు ఆ సంగతి చివరిదాకా మర్చిపోలేదు, అది వేరే కథ.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. బాగుచేసేవాళ్ళందరూ అదేదో రాకెట్ అన్నట్టు బెదిరిపోతే, ఈమె ఒకటి విప్పించుకుని చూసి, "లోపల ఉన్నదీ ఫ్యానే కదా. అరచేతిలో పట్టేంత ఉంది, అంతే తేడా" అంది. మామగారు పోయాక కొట్టు ఆమె చేతికొచ్చింది. భర్తకి ఈ పని పట్టలేదు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. రోజంతా పిల్లల అరుపుల మధ్య బండి నడిపిన మనిషి, ఇంటికొచ్చాక ఎవరూ పలకరించకపోతే అదే స్వర్గం అనుకునే రకం. ఇల్లు నడిచింది ఆమె చెవి మీదే. పిల్లలు చదువుకున్నదీ, అద్దె కొట్టు సొంత కొట్టయిందీ ఆ చెవి మీదే. ఆ చెవిని పక్కన పెడితే ఆమె చేతిలో మిగిలేది ఒక స్క్రూడ్రైవరు. స్క్రూడ్రైవర్లు ఆ వీధిలో ప్రతి కొట్లోనూ ఉన్నాయి.

కొట్లో రెండో మనిషి ఆమె ఆడపడుచు. నలభై దాటినా, కూతురికి పెళ్ళి చేసినా, ఇంట్లో అందరికీ ఇంకా "పాప" ఆవిడ. ఫ్యానక్క "అయిపోయింది" అన్నాక పాప పని మొదలవుతుంది. రేకు బిగించడం, డబ్బా తుడవడం, వైర్లు చుట్టి కట్టడం, చీటీ అంటించి అరలో పెట్టడం. ఫ్యానక్క లెక్కలో అది పని కాదు, సర్దుడు. పాపకి సర్దడం వచ్చు, వినడం రాదు అని ఆమె ఎప్పుడో తేల్చేసింది.

పాపది మొదటినుంచీ పిట్ట గొంతు. ఈ మధ్య ఆ గొంతు కూడా మింగేస్తోందని ఫ్యానక్కకి కోపం. ఏదైనా అడిగితే పెదవులు కదిపి ఊరుకుంటుంది. మూతి ముడుపా, పొగరా, వయసుతో వచ్చిన బద్ధకమా అర్థం కాలేదు. దానికి తోడు ఇంకో తగాదా వచ్చిపడింది. కొత్త ఫ్యాన్లు ఉంచే పెట్టె అనుకున్నదానికంటే త్వరగా ఖాళీ అవుతోంది. ఒకరోజు టంకం వేస్తూ, బల్ల మీద నుంచి తల ఎత్తకుండానే అడిగేసింది.

"పాపా, ఆ పెట్టెలో ఫ్యాన్లకి కాళ్ళొచ్చాయా, వాటంతటవే నడిచిపోతున్నాయా?"

వెనక నుంచి జవాబు రాలేదు. టంకం పెట్టి తిరిగి చూసేసరికి పాప తల వంచుకుని డబ్బా తుడుస్తోంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా. ఎవరికో ఇచ్చుకుంటోంది అనుకుంది ఫ్యానక్క. ఇంటి ఆడపడుచుని ఏమంటాం, అంటే మొగుడికి కోపం, అనకపోతే మనసుకి కోపం. కడుపులోనే పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు కావాల్సినంతవరకే అయిపోయాయి.

ఇంతలో పాప కూతురు ప్రసవించింది. మనవణ్ణి చూసుకోవడానికి పాప కూతురి దగ్గరికి వెళ్ళింది. ఫ్యానక్క ఒంటి చేత్తో కొట్టు నడిపింది. తనే వినడం, తనే సర్దడం. ఆ పీడా వదిలింది, ఇక పెట్టెలో ఫ్యాన్లు ఎక్కడివక్కడే ఉంటాయి అనుకుంది. ఫ్యాన్లు ఉన్నాయి. కానీ విచిత్రంగా, బాగుచేసి పంపిన కంప్యూటర్లు తిరిగి రావడం మొదలైంది. "ఇంకా చప్పుడు వస్తోందక్కా" అని ఒకరు. "సన్నగా కీచుమంటోంది మేడమ్" అని ఇంకొకరు. ఫ్యానక్క మళ్ళీ పెట్టి వినేది, ఏమీ ఉండేది కాదు. "దీనికేం రోగం లేదు. మీ చెవులు చూపించుకోండి" అని పంపేసేది. జిరాక్స్ అతను ఈ మాటకి ప్రతిసారీ నవ్వేవాడు. నవ్వేవాడు ఒకడుంటే చెప్పేవాళ్ళకి ఊపొస్తుంది. ఈ మధ్య జనం చెవులన్నీ పాడైపోయాయని ఆమె నిజంగానే నమ్మింది.

అప్పుడొచ్చారు టీచరమ్మ. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చూపు లేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు గొంతెత్తి చదివి, కంప్యూటర్‌లో రికార్డు చేసి పంపిస్తుంటారు. మాట నెమ్మది. ఒకటి చెప్తే చెప్పినట్టే చేసే రకం, హాస్యం, వెటకారం తెలియవు.

"నా కంప్యూటర్‌ని నిద్రపుచ్చి వంటింట్లోకి వెళ్తానండి. వచ్చేసరికి మేలుకుని ఉంటుంది. ఇద్దరు మెకానిక్కులు చూశారు, ఒకాయన లోపల అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించారు కూడా. అయినా అంతే. మా పక్కింటావిడ దెయ్యం అంటోంది" అన్నారు.

దెయ్యం అనగానే ఫ్యానక్కకి హుషారొచ్చింది. కొట్టు మూసి ఆవిడ ఇంటికి వెళ్ళింది. మేడ మీద గది, కిటికీ కింద లారీలు తిరిగే రోడ్డు. కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టించి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా కుర్చీలో కూర్చుంది. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది. కాసేపటికి కింద ఒక బరువు లారీ పోయింది. నేల అదిరింది, బల్ల ఊగింది, మౌసు వెంట్రుకవాసి జరిగింది. అంతే, తెర భగ్గున వెలిగింది.

"దెయ్యం కాదండీ, లారీ. ఎవరైనా మౌసు కదిపితే లేవాలని దీనికి చెప్పి ఉంచారు. లారీ కదిపినా దానికి ఒకటే" అంది. సెట్టింగుల్లోకి వెళ్ళి మౌసుకి నిద్రలేపే హక్కు తీసేసింది. మీట నొక్కితే తప్ప లేవకుండా చేసింది. ఊగే బల్ల కాలు కింద అట్టముక్క మడిచి పెట్టింది. ఇంకో లారీ పోయింది, ఇంకోటి పోయింది, కంప్యూటర్ పసిపిల్లలా నిద్రపోయింది. టీచరమ్మ చేతులు జోడించారు. ఫ్యానక్క అలాంటి చోట్ల వినయంగా వద్దనడం నేర్చుకోలేదు, దణ్ణం అందుకుంది.

"ఇంకొక్కటి ఉందండి. మేలుకుని ఉన్నప్పుడు సన్నగా ఈల వేస్తోంది. నా చదువులో పడిపోతోంది."

ఫ్యానక్క కళ్ళు మూసుకుని వింది. గాలి వీస్తున్న మెత్తటి చప్పుడు, అంతే. ఆరోగ్యంగా ఉన్న ఫ్యాను. "ఈలా లేదు, పాటా లేదు" అంది. అయినా వచ్చిన పుణ్యానికి దుమ్ము ఊది వెళ్ళింది.

మూడు రోజులకి టీచరమ్మ ఆటోలో సీపీయూ వేసుకుని కొట్టుకొచ్చారు. ఫ్యానక్క వింది, లేదంది. వారం పోయాక మళ్ళీ వచ్చారు. ఈసారి మొహం వాడిపోయి ఉంది. "పిల్లలు ఫోన్లు చేస్తున్నారండి. 'టీచర్, మీ పాఠం వెనకాల ఎవరో ఈల వేస్తున్నారు, తలపోటు వస్తోంది, వినలేకపోతున్నాం' అంటున్నారు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. పోనీ కొత్త ఫ్యాను వేసెయ్యండి."

"లేని రోగానికి మందెయ్యను" అంది ఫ్యానక్క. కొట్లో ఇంకో ఇద్దరు ఖాతాదారులు ఉన్నారు, జిరాక్స్ అతను గుమ్మంలో ఉన్నాడు. ఒకే మాట అన్నిసార్లు చెప్పించుకుంటే ఆమెకి ఒళ్ళు మండిపోతుంది. "ఇన్నేళ్ళుగా ఫ్యాన్లు వింటున్నాను. నా చెవికి అందని ఈల మీ చెవికి అందుతోందంటే తేడా ఫ్యానులో లేదు టీచరమ్మా. వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకోండి."

జిరాక్స్ అతను నవ్వాడు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "సరేనండి" అని వెళ్ళిపోయారు.

అది వెటకారమని ఆవిడకి తెలియదు మరి. నిజంగానే వెళ్ళారు. వెళ్ళి, చూపించుకుని, మళ్ళీ సీపీయూ మోయించుకుని ఒక ఉదయం, బిల్లుల కంప్యూటర్ కూడా ఇంకా ఆన్ చెయ్యకముందే, కొట్లో దిగారు.

"మీరు చెప్పినట్టే చూపించుకున్నానండి. చిన్న గదిలో కూర్చోబెట్టి సన్నటి శబ్దాలు, లావు శబ్దాలు అన్నీ వినిపించారు. అన్నీ వినబడ్డాయి. ఈ వయసుకి మీ చెవులు చాలా బాగున్నాయి అన్నారు డాక్టరుగారు" అన్నారు, బళ్ళో హాజరు చెప్పినంత మామూలుగా. "కాబట్టి తేడా నా దగ్గర లేదండి. ఇంకెక్కడుందో ఒక్కసారి చూద్దామా?"

జన్మలో మొదటిసారి ఒక ఖాతాదారు ముందు ఫ్యానక్క నోరు మూసుకుంది. టీచరమ్మ సీపీయూని బల్ల మీద పెట్టించి, ఆన్ చేసి, తన రికార్డింగ్ పెట్టి, హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చారు. చెవుల్లో టీచరమ్మ గొంతు నెమ్మదిగా ఆకులు ఎండతో ఆహారం ఎలా తయారు చేసుకుంటాయో చెబుతోంది. గొంతు ఆగింది. "ఈ ఖాళీలో వినండి" అన్నట్టు టీచరమ్మ వేలెత్తారు. ఫ్యానక్క కళ్ళు మూసుకుంది. ఖాళీ ఖాళీగానే ఉంది.

హెడ్‌ఫోన్లు తీసి జిరాక్స్ అతని చేతిలో పెట్టింది. "నువ్వు విను. ఏముంది ఇందులో?"

అతను నవ్వుతూనే పెట్టుకున్నాడు. ఖాళీ వచ్చేసరికి నవ్వు పోయింది. మొహం చిట్లించి హెడ్‌ఫోన్లు లాగేశాడు. "అమ్మో. చెవిలో సూది దించినట్టుందక్కా." ప్రింటర్ తీసుకెళ్ళడానికి వచ్చి నిలబడిన ఆయనా పెట్టుకున్నాడు, ఆయనా వెంటనే తీసేశాడు. ఫ్యానక్క ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. అందరూ కూడబలుక్కుని తనని ఆటపట్టిస్తున్నారేమో అన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానమే నిజమైతే బాగుండును అనిపించింది.

అప్పుడే గుమ్మంలో పాప కనబడింది. చేతిలో సంచీ, కూతురి దగ్గర్నుంచి బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చింది. పాప మీద ఎంత కోపం ఉన్నా, అబద్ధం ఆడటం చేతకాని మనిషని ఫ్యానక్కకి తెలుసు.

"పాపా, నువ్వు చెప్పు. ఇది పెట్టుకుని విను" అని హెడ్‌ఫోన్లు చాపింది.

పాప అవి అందుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, బల్ల మీద ఆన్‌లో ఉన్న సీపీయూ వంక చూసింది. పెదవులు కదిలాయి.

"ఏంటి?" అంది ఫ్యానక్క.

పెదవులు మళ్ళీ కదిలాయి. ఎప్పటి మింగుడే. జిరాక్స్ అతను గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడికే వినబడుతోంది వదినా అంటోందక్కా. రెండుసార్లు అంది."

పాప నిలబడ్డది నాలుగు అడుగుల దూరంలో. ఆ మాట జిరాక్స్ అతనికి వినబడింది, ప్రింటర్ ఆయనకి వినబడింది. ఫ్యానక్కకి మాత్రం కదిలే పెదవులు కనబడ్డాయి, అంతే.

పాప సంచీ కింద పెట్టి, రేకు విప్పి, పాత ఫ్యాను తీసి, పెట్టెలోంచి కొత్తది తెచ్చి బిగించింది. చేతులు అలవాటైన పనిలా చకచకా కదిలాయి. ఆన్ చేసింది. "హమ్మయ్య" అన్నాడు జిరాక్స్ అతను. టీచరమ్మ మొహం విప్పారింది. ప్రింటర్ ఆయన కూడా భుజాలు దించాడు. ఫ్యానక్క విన్నది మాత్రం ముందెంతో తర్వాతా అంతే. అందరూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినట్టు తేలికపడితే, ఆమె ఒక్కతీ పాత గదిలోనే ఉండిపోయింది. స్టూలు మీద కూలబడింది. టీచరమ్మ ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే ఫ్యానక్కకి ఎంతో కొంత నయంగా ఉండేది, ఎదురు తిట్టడానికైనా.

అందరూ వెళ్ళాక పాప స్టూలు లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది. మొహం దగ్గరగా పెట్టి, ఆ పిట్ట గొంతునే సాగదీసి గట్టిగా మాట్లాడింది. అలా మాట్లాడటం ఆవిడకి అలవాటు లేక మెడ నరాలు పొంగాయి.

"రెండేళ్ళు దాటింది వదినా. దుమ్మైతే నీకు తెలుస్తుంది. వైరు తగిలినా, స్క్రూ వదులైనా తెలుస్తుంది. బేరింగ్ ఎండిపోయి సన్నగా ఈల వేసేవే నీకు అందట్లేదు. నువ్వు 'అయిపోయింది' అని ఇచ్చినవాటిల్లో అలాంటివి కనబడితే నేను రేకు బిగించేముందు మార్చేదాన్ని."

"పెట్టెలో ఫ్యాన్లు..."

"అవే."

"మరి నేను అడిగినప్పుడు నోరు విప్పి చెప్పలేదేం?"

"చెప్పాను" అంది పాప. "ఈల వేసేవి మారుస్తున్నాను, అవి నీకు వినబడట్లేదు వదినా అన్నాను. నువ్వు అటు తిరిగి టంకం వేస్తున్నావు. తర్వాత నా వంక చూసిన చూపుకి, ఇంకోసారి చెప్పే ధైర్యం రాలేదు."

ఇన్నాళ్ళూ ఫ్యానక్క దాన్ని మూతి ముడుపు అనుకుంది. పొగరు అనుకుంది, దొంగతనం కూడా అనుకుంది. ఆ మనిషి మాత్రం అడిగిన ప్రతిదానికీ జవాబు చెబుతూనే ఉంది. సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క. రెంటిలో ఏది పెద్దదో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మొగుణ్ణి నిలదీసింది. ఆయన బస్సు కడిగి అప్పుడే వచ్చి చొక్కా విప్పుతున్నాడు.

"నా చెవి సంగతి మీకు తెలుసా?"

ఆయన తప్పించుకునే దారి కోసం అటూ ఇటూ చూసి, లేదని తెలుసుకున్నాడు. "తెలుసు. గుమ్మం బెల్లు మోగితే ఎప్పుడూ నేనేగా లేచేది. నీ ఫోను నీ పక్కనే మోగుతుంటే నేనొచ్చి ఇస్తున్నాను. మరి నేనెందుకు అరిచి మాట్లాడుతున్నానని అనుకున్నావు?"

"వయసు మీద పడి కోపం పెరిగిందనుకున్నాను" అంది ఆమె నిజాయితీగా.

"నాకు కోపమా?" అన్నాడు ఆయన, నిజంగా నొచ్చుకుని.

"నోటితో చెప్తే ఏం పోయింది?"

"నీ చెవిలో లోపం ఉందని నీకు చెప్పడమా?" అన్నాడు. "ఈ ఇంట్లో అంత ధైర్యం ఎవరికుంది చెప్పు."

ఫ్యానక్క తిట్టడానికి నోరు తెరిచింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతికింది, దొరకలేదు. ఊరందరి ఫ్యాన్లలో లోపాలు పట్టిన మనిషికి సొంత ఇంట్లో అందరూ తన లోపాన్ని దాచి, చుట్టూ తిరిగి, సర్దుకుపోయి బతుకుతున్నారన్న సంగతి పట్టలేదు.

టీచరమ్మే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. గాజు కిటికీ ఉన్న చిన్న గది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమని చేతిలో ఒక మీట ఇచ్చారు. ఫ్యానక్క కొట్లోలాగే తల వంచి కళ్ళు మూసుకుంది. ఇది తన విద్య. మొదట లావు శబ్దాలు వచ్చాయి, ఠపీమని నొక్కింది. ఇంకా చిన్నవి వచ్చాయి, అవీ నొక్కింది. పర్వాలేదు, వీళ్ళందరూ గోరంతలు కొండంతలు చేశారు అనుకుంది. తర్వాత నిశ్శబ్దం. పరీక్ష అయిపోయినట్టుంది, ఇంత సేపు చెప్పరేం అని కళ్ళు తెరిచింది. గాజు అవతల ఉన్న అమ్మాయి ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది. తిప్పడం, ఈమె చేతి వంక చూడటం, కాగితం మీద గుర్తు పెట్టడం, మళ్ళీ తిప్పడం. ఫ్యానక్క చేతిలో మీట చెమటకి జారిపోయింది.

"లావు శబ్దాలు బాగా అందుతున్నాయి. సన్నటివే పోయాయి. ఇవాళ నిన్న పోయినవి కావు. ఇక తిరిగి రావు, కానీ మిషను పెట్టుకుంటే చాలావరకు వినబడతాయి" అన్నాడు డాక్టరు. మామూలు విషయంలా చెప్పి, "ఏం పని చేస్తుంటారమ్మా?" అని అడిగాడు.

"వింటుంటానండి" అంది ఫ్యానక్క. ఆయనకి అర్థం కాలేదు. టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యేశారు. అప్పుడొచ్చింది ఏడుపు. పిల్లలు పుట్టినప్పుడు కూడా అరవని మనిషి, ముక్కూ మొహం తెలియని డాక్టరు ముందు వెక్కి వెక్కి ఏడ్చింది.

చెవి మిషను వచ్చిన రోజున పెట్టించుకుని, ఒక్కతే నడుచుకుంటూ కొట్టుకి బయల్దేరింది. వీధి మీదికి వచ్చేసరికి బెదిరిపోయింది. తన చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయా? ఎవరో ప్లాస్టిక్ సంచీ మడుస్తుంటే నిప్పు అంటుకున్నట్టుంది. సైకిల్ బ్రేకు కీచుమంటే ఉలిక్కిపడి పక్కకి దూకింది. తాళంచేతులు, గాజులు, ఎండుటాకులు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఇవన్నీ ఎప్పుడు పోయాయో ఆమెకి తెలియదు. ఒక్కొక్కటిగా వెళ్ళిపోతుంటే గుమ్మంలో కూర్చుని కూడా చూడని కాపలాదారులా అయిపోయింది తన సంగతి.

కొట్లో అడుగు పెట్టింది. పాప ఏదో డబ్బా తుడుస్తోంది, గుడ్డ రాసుకునే చప్పుడు కూడా వినబడింది. దాని మీద ఇంకో చప్పుడు ఉంది. సన్నగా, ఆగకుండా, పంటి కిందికి దిగేలా. ఫ్యానక్క నిలబడిపోయింది. అరల్లో చూసింది, అక్కడ ఏవీ ఆన్‌లో లేవు. బల్ల మీద ఏమీ లేదు. అలవాటుగా కళ్ళు మూసుకుని తల వంచింది, చప్పుడు వెంట నడిచింది. అది తీసుకెళ్ళి తీసుకెళ్ళి ఆమెని తన కుర్చీ దగ్గరే నిలబెట్టింది. బిల్లులు కొట్టే కొట్టు సొంత కంప్యూటర్. ఆమె రోజంతా మోచెయ్యి ఆనించుకుని కూర్చునే చోటు పక్కనే ఉంటుంది.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"అన్నిటికంటే ముందు మొదలైంది ఇదే వదినా" అంది పాప. పిట్ట గొంతే, కానీ ప్రతి అక్షరం స్పష్టంగా వచ్చింది.

ఫ్యానక్క కుర్చీ పట్టుకుంది. ఊళ్ళోవాళ్ళ ఫ్యాన్లన్నీ గుట్టుగా మార్చిన మనిషి, రెండేళ్ళకి పైగా ఈ పంటిపోటు పక్కనే కూర్చుని పని చేసింది.

"అందరివీ మార్చావు. నీ నెత్తి మీద మోగేదాన్ని ఎందుకు వదిలేశావే?"

పాప చేతిలో గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"దీన్ని కూడా మార్చేస్తే నీకు తెలిసే దారే ఉండదు కదా. రోజూ పొద్దున్న దీన్ని ఆన్ చేసి, నీ మొహం వంక చూసేదాన్ని వదినా, ఇవాళైనా వింటావేమోనని."